వెనక డోరు మీద గీత

షెడ్డులో ఆమెను అందరూ నీళ్ళక్క అని పిలిచేవారు. పొద్దున వచ్చింది మొదలు చేతిలో బకెట్టు, బకెట్టులో నానుతున్న వాటర్ పేపరు అనే గరుకు కాగితం, మోచేతుల దాకా తడి. కార్ల మీద పడ్డ గీతలను ఆ తడిపేపరుతో రుద్ది, మెరుగు పెట్టి, గీత ఎక్కడుండేదో యజమానే వెతుక్కునేలా చేయడం ఆమె పని. వేలికొసలు ఎప్పుడూ నానిపోయి ముడతలు పడి ఉండేవి. ఆమె సొంత అక్క ఎక్కడ కనపడినా ముందు ఆ చేతులే చూసేది. "ఏదైనా మంచి క్రీము రాసుకోవే, చూడలేకపోతున్నాను" అనేది.

ఆ అక్క ఎన్నడూ షెడ్డు గడప తొక్కలేదు. అలాంటిది ఆ రోజు షట్టరు ఎత్తారో లేదో, ముదురు నీలం కారొకటి రోడ్డు మీంచి తిన్నగా లోపలికొచ్చి గోడకు జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు సీట్లోంచి అక్క దిగింది.

నీళ్ళక్క బకెట్టు కింద పెట్టడం కూడా మరిచిపోయింది. అది బావ కారు. దాని స్టీరింగు బావ తప్ప ఇంకొకరు పట్టుకోగా ఆమె చూడలేదు. అక్క డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న మాట నిజమే. కానీ ఆ లైసెన్సు పర్సులో మడతపడి ఉండడమే గానీ దానికి గాలి తగిలింది లేదు.

"బావేడీ?" అంది నీళ్ళక్క.

"ఊళ్ళో లేరు. ఆఫీసు పని మీద వెళ్ళారు, సాయంత్రం బండికి వస్తారు. ఆ సంగతి తర్వాత. నువ్వు ఇటు రా, ముందు ఇది చూడు."

అక్క ఆమెను చెయ్యి పట్టుకుని కారుకు అటువైపు లాక్కెళ్ళింది. ముందు చక్రం పైనుంచి మొదలై, రెండు డోర్ల మీదుగా, వెనక దీపం దాకా ఒకటే గీత. ముందువైపు వెంట్రుకలా సన్నగా ఉంది. పోనుపోనూ బలిసింది. వెనక డోరు మీదికొచ్చేసరికి రంగు తెగి, అడుగున ఉన్న ప్రైమరు తెల్లగా కనపడుతోంది.

"సాయంత్రంలోపు ఇది పోవాలి" అంది అక్క.

నీళ్ళక్క గోటిని గీతకు అడ్డంగా నడిపించింది. చక్రం పైన ముందు రేకు మీద గోరు జారిపోయింది. ముందు డోరు మీద కాస్త తట్టింది. వెనక డోరు మీద ఆగిపోయింది.

అప్పుడే లోపలికొచ్చిన షెడ్డు మేస్త్రి అది చూసి, "గోటికి తగలనిది నీది, గోటికి తగిలింది పెయింటరుది" అన్నాడు. షెడ్డులో అది అందరికీ తెలిసిన సూత్రమే. "వెనక డోరుకు రంగు కొట్టాల్సిందేనమ్మా. మా పెయింటరు సెలవులో ఉన్నాడు. రేపు తీసుకురండి."

"రేపు కుదరదండీ" అంది అక్క. ఆ గొంతు విని మేస్త్రి ఇంకేమీ అనకుండా తన పని చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.

"ఎవరు చేశారే ఈ పని?" అని అడిగింది నీళ్ళక్క.

"ఎవరో. పిల్లలో, ఎవరో. అవన్నీ ఇప్పుడెందుకు? మొదలుపెట్టు."

నీళ్ళక్క కారు కడిగింది. దుమ్ము రేణువొక్కటి ఉన్నా పేపరు కింద పడి కొత్త గీత పెడుతుంది కాబట్టి గీత పొడుగునా రెండుసార్లు గుడ్డతో తుడిచింది. డోరు అంచుల దగ్గర రంగు పలచగా ఉంటుంది, చెయ్యి జారితే చాలు లేచిపోతుంది. అందుకని అంచులకు టేపు అంటించింది. నానిన పేపరును రబ్బరు దిమ్మకు చుట్టి, బకెట్టులో చుక్క సబ్బు వేసి, ముందు రేకు మీద పని మొదలుపెట్టింది.

ఇది బలంతో చేసే పని కాదు. పేపరు తన బరువుతోనే నడవాలి. రంగు పైన అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది, దాన్ని షెడ్డులో క్లియరు అంటారు. గీత ఆ పొరలోనే ఉంటే చుట్టుపక్కల పొరను కూడా గీత అడుగుమట్టం దాకా అరగదీయాలి. గీత పోవడమంటే అదే. అరుగుతున్నంతసేపూ నీళ్ళు పాలలా తెల్లగా కారతాయి. పాలు కారినంతసేపూ భయం లేదు. నీళ్ళకు కారు రంగు తిరిగిందంటే మాత్రం పొర దాటి రంగులోకి దిగిపోయినట్టే. ఆ తర్వాత ఎంత మెరుగుపెట్టినా లాభం లేదు.

అక్క ఒక్కచోట నిలబడడం లేదు. కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరుగుతోంది. బల్ల మీది స్పానరు తీసి చూసి మళ్ళీ పెట్టింది. మేస్త్రి కుర్చీలో కూర్చుంది, వెంటనే లేచింది. ఫోను తీసి చూస్తోంది, పర్సులో వేస్తోంది, మళ్ళీ తీస్తోంది. మధ్యమధ్య వచ్చి చెల్లెలి భుజం మీదుగా వంగి చూస్తోంది.

"పోయిందా?"

"ఎండలో పెట్టిన బట్టా, అడిగినప్పుడల్లా ఆరడానికి? కాసేపు కూర్చో అక్కా."

"కూర్చోలేను."

ముందు రేకు మీద గీత పోయింది. అద్దంలా ఉండాల్సిన చోట బూడిద పూసినట్టు మసకగా ఉంది. ఇంకా నున్నటి పేపరుతో రుద్ది, మెరుగుపెట్టే కాంపౌండు రాసి, మెషీను తిప్పితే మెరుపు వస్తుందని నీళ్ళక్క చెప్పింది. అక్క ఆ మసకను వేలితో తాకి, "ఇలాగే ఉండిపోదు కదా?" అని రెండుసార్లు అడిగింది.

ముందు డోరు దగ్గరికొచ్చేసరికి అక్క ఫోను మోగింది. అక్క ఫోను వంక చూసింది గానీ ఎత్తలేదు.

"ఎవరు?"

"మా అపార్ట్‌మెంటు సెక్రటరీ."

"ఎత్తచ్చుగా?"

అక్క ఫోను పర్సులో పడేసింది. కాసేపు అటూ ఇటూ తిరిగి, ఎవరికో సంజాయిషీ చెప్తున్నట్టు మొదలుపెట్టింది. "ఈ గీత మా వాచ్‌మన్ గీశాడని మీ బావ అన్నారు. పోయిన వారం ఆయనకూ వాచ్‌మన్‌కూ మాటామాటా వచ్చింది. రోజూ కారు తుడవమన్నారు. గేటు చూడడం నా పని, కార్లు తుడవడం కాదు అన్నాడతను. ఆ కసితో చేశాడని ఈయన అందర్నీ పోగేసి గొడవ చేశారు. ఇవాళ సాయంత్రం ఈయన వచ్చేలోపు అతను గది ఖాళీ చేయాలట."

నీళ్ళక్క చేతిలో పేపరు ఆగింది. "అతనే చేశాడా?"

"నేను చూడలేదుగా. అందుకే అంటున్నా, గీత పోతే గొడవ పోతుంది. కారు ఎప్పటిలాగే ఉంటే ఈయన కోపం కూడా చల్లారుతుంది. నేను నచ్చజెప్తాను."

ఆ మాటలు నీళ్ళక్కకు మింగుడుపడలేదు. షెడ్డులో పనిచేసేవాళ్ళకు ఇలాంటి మాటలు కొత్త కాదు. కారులో కళ్ళద్దాలు కనపడకపోయినా ముందు వీళ్ళ జేబుల వంకే చూస్తారు. తర్వాత అవి సీటు కింద దొరికితే, దొరికాయని చెప్పడానికి కూడా ఎవరూ వెనక్కి రారు. ఆమె పని చేస్తూనే ఉంది గానీ, మనసు చేతిలో లేదు. చెయ్యి మామూలుకన్నా వేగంగా నడుస్తోంది. అది తెలుస్తోంది, ఆపడం చేతకావడం లేదు.

ముందు డోరు మీద గీత నీడలా మిగిలింది. తెలిసినవాళ్ళకు తప్ప కనపడదు. అక్కడితో ఆపి వెనక డోరు ముందు కూర్చుంది.

"ఇది నావల్ల కాదక్కా. మేస్త్రి చెప్పాడుగా. అడుగు కనపడుతోంది."

"కొంచెం రుద్దు. అంచులన్నా మెత్తబడితే పైపైన ఏదో పూయచ్చు కదా."

"లేచిపోతుందే."

"రుద్దవే, నీకు దణ్ణం పెడతాను."

అక్క ఆమెను ఎప్పుడూ ఏదీ బతిమాలలేదు. చిన్నప్పటి నుంచీ చెప్పడమే ఆమె వంతు, వినడం చెల్లెలి వంతు. ఆ బతిమాలడం విని నీళ్ళక్క వద్దనుకుంటూనే పేపరు పెట్టింది. పాలు కారాయి. రబ్బరు పట్టీతో నీళ్ళు లాగి చూసింది. గీత అలాగే ఉంది. మళ్ళీ రుద్దింది. అక్క వెనకనుంచి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటోంది. ఈసారి కారిన నీళ్ళు తెల్లగా లేవు. డోరు కింది అంచు నుంచి నేల మీదికి నీలంగా ఒక చార దిగింది.

నీళ్ళక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. అరచేయంత మేర డోరు మీద మెరుపూ లేదు, సరైన రంగూ లేదు. గీత మాత్రం నడిమధ్య ఇంకా తెల్లగా నవ్వుతోంది.

"అయిపోయింది" అంది ఆమె. "నీకు చెప్పాను. వినవు. గీత ఒక్కటే ఉండేది, ఇప్పుడు మచ్చ కూడా పడింది. నా చేత్తో ఇంత చెత్తపని ఎప్పుడూ చేయలేదు. ఏం తొందరే నీకు? కారు ఆయనది, గొడవ ఆయనది, మధ్యలో నీకెందుకింత ఆరాటం?"

అక్క ఆ డోరును చూస్తూ నిలబడిపోయింది. పొద్దుట్నుంచీ తిరుగుతున్న కాళ్ళు మొదటిసారి ఆగాయి.

"నేనే గీశానే" అంది.

నీళ్ళక్క సరిగ్గా విన్నానా అన్నట్టు చూసింది.

"మొన్న పెద్ద వాన పడ్డ రోజు నాకు ల్యాబ్‌లో ఉండగానే జ్వరం మొదలైంది. ఎవరి రక్తమో తీస్తుంటే నా చెయ్యే వణుకుతోంది. మీ బావ ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. ఫోను చేసి, కారు తీసుకుని రండి అన్నాను. 'ఇప్పుడే కడిగించాను, ఈ బురదలో ఎందుకు? తడిసిన బట్టలతో కూర్చుంటే సీట్లు పాడవుతాయి, బస్సులో వచ్చెయ్' అన్నారు. మామూలుగానే అన్నారు, తిట్టలేదు కూడా. బస్సు మధ్యలో ఆగిపోయింది. నడిచాను. చెప్పుల్లో నీళ్ళు, తల్లోంచి నీళ్ళు. వచ్చి చూస్తే ఇదేమో పార్కింగులో నిండా కవరు కప్పుకుని పొడిగా, వెచ్చగా పడుకునుంది. ఎవరో ఇంటి మనిషి పడుకున్నట్టు."

అక్క వెనక డోరు మీది గీతను వేలితో తాకింది.

"కవరు ఎత్తాను. చేతిలో ఇంటి తాళాలు ఉన్నాయి. ముందు ఊరికే ఆనించానంతే. తర్వాత నేను నడుస్తున్నానో, తాళంచెవి నడుస్తోందో తెలీలేదు. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ కవరు కప్పేసి, పైకెళ్ళి మాత్ర వేసుకుని పడుకున్నాను."

"అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు" అంది నీళ్ళక్క, ఏమనాలో తెలియక. నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. పెద్ద ఫ్లాటు, నీడలో కారు, మాట తూలని మొగుడు. అక్క బతుకు గీత పడని బతుకని ఆమె ఇన్నేళ్ళూ అనుకుంది. అనుకుని అప్పుడప్పుడు కుళ్ళుకుంది కూడా.

"మరి వాచ్‌మన్ని అంటుంటే నువ్వెక్కడున్నావ్?"

"బాల్కనీలో. కింద మాట్లాడేదంతా వినపడుతూనే ఉంది." అక్క చీరకొంగు వేలికి బిగించి చుట్టుకుంది. "ఆ పూట చెప్పలేకపోయాను. రాత్రి చెబుదామనుకున్నాను, చెప్పలేకపోయాను. అన్నం సయించడం లేదు, నిద్ర లేదు. ఇవాళ పొద్దున బీరువాలోంచి రెండో తాళం తీసుకుని కిందికి దిగితే, అతనే వచ్చి గేటు తీశాడు. రివర్సు చేయడానికి నేను తడబడుతుంటే వెనక నిలబడి, 'రానీండి మేడమ్, రానీండి, చోటుంది' అని చెయ్యి ఊపాడు. నా మూలంగా రోడ్డున పడబోతున్న మనిషి నాకు దారి చూపిస్తున్నాడే!"

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి నీళ్ళక్కే తడిచేత్తో దాన్ని తీసి అక్క చేతిలో పెట్టింది.

సెక్రటరీ గొంతు బయటికి వినపడేంత గట్టిగా ఉంది. "మేడమ్, ఎన్నిసార్లు చేయాలండీ! మీ కారు పార్కింగులో లేదు. వాచ్‌మన్ని అడిగితే మీరే తీసుకెళ్ళారంటాడు. నమ్మేలా ఉందా? మీరు కారు నడపరు కదా? సార్‌కు ఫోను చేశాను. పని తొందరగా అయిపోయి ముందు బండికే వచ్చేశారట, స్టేషన్ నుంచి బయల్దేరారు. పోలీసులకు చెప్పమంటారా?"

అక్క కళ్ళు మూసుకుంది. "వద్దండీ. కారు నేనే తెచ్చాను. అతను చెప్పింది నిజం" అంది. "వస్తున్నాను. నేను వచ్చేదాకా ఎవర్నీ ఎక్కడికీ పంపకండి."

ఫోను పెట్టేసి చెల్లెలి వంక చూసింది. "నువ్వూ రావే."

టేపు పీకే తీరిక కూడా లేకపోయింది. మేస్త్రికి కేక వేసి చెప్పి, నీళ్ళక్క తడిబట్టలతోనే ముందుసీట్లో కూర్చుంది. సీటు తడుస్తుందన్న మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ నవ్వలేదు.

అక్క బాగానే నడిపింది. బస్సుల మధ్య, బండ్ల మధ్య తొందరపడకుండా దారి చేసుకుంది. కానీ సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ వేళ్ళతో స్టీరింగు మీద తాళం వేసేది. "ముందు ఏమని మొదలుపెట్టనే?" అని అడిగేది. "ఏమండీ, అని మొదలుపెట్టనా? వద్దు, ముందు వాచ్‌మన్‌తో చెప్పనా?" చెల్లెలు ఏదో చెప్పబోయేలోపు దీపం మారేది.

వీళ్ళు వెళ్ళేసరికి అపార్ట్‌మెంటు గేటు లోపల నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. గోడ పక్కన చాపచుట్ట, స్టవ్వు, గిన్నెల మూట. మూట మీద చెయ్యి వేసుకుని వాచ్‌మన్ భార్య కూర్చుని ఉంది. వాచ్‌మన్ డ్యూటీ చొక్కా విప్పేసి మామూలు చొక్కాతో ఉన్నాడు. అయినా కారును చూడగానే అలవాటు కొద్దీ పరుగెత్తి వచ్చి గేటు తీశాడు.

బావ చక్రాల పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. స్టీరింగు ముందు పెళ్ళాన్ని చూసి కళ్ళు చిట్లించాడు. అక్క దిగింది.

"కారు నువ్వు నడిపావా?" అన్నాడు.

"నడిపాను. గీసింది కూడా నేనే."

"ఏంటీ?"

"కారు మీద గీత. ఇతను గీయలేదు. నేను గీశాను, ఇంటి తాళాలతో."

సెక్రటరీ దగ్గాడు. బావ ముందు కారును చూశాడు. టేపులు, మసక, వెనక డోరు మీద మచ్చ. అతని మొహం ఎర్రబడింది. అంతలోనే నవ్వు తెచ్చుకుని చుట్టూ ఉన్నవాళ్ళతో, "ఈమెకు జాలిగుండె. వాణ్ణి పంపించేస్తుంటే చూడలేక తన మీద వేసుకుంటోంది" అన్నాడు. గొంతు తగ్గించి, "పైకి పద. ఇంట్లో మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఇంట్లో కాదండీ. అతన్ని ఇక్కడ నిలబెట్టి అన్నారు. నేనూ ఇక్కడే చెప్తాను." అక్క అందరి వైపూ తిరిగింది. "ఆ వాన రోజు జ్వరంతో ఉన్నాను, రమ్మన్నాను. సీట్లు పాడవుతాయి, బస్సులో రమ్మన్నారు. తడుచుకుంటూ వచ్చి గీశాను. మీకు చెప్పే ధైర్యం లేక, ఇతని మీదికి నింద వెళ్తుంటే నోరు మూసుకున్నాను. తప్పు మొత్తం నాది."

బావ అయోమయంగా చూశాడు. ఆ మాట తాను అన్నట్టు అతనికి జ్ఞాపకమే లేదని ఆ మొహం చూస్తే తెలిసిపోతోంది.

సెక్రటరీ చేతులు నలుపుకుంటూ వాచ్‌మన్ వైపు తిరిగాడు. "ఏదో పొరపాటు జరిగిందయ్యా. సామాను లోపల పెట్టుకో. ఉండిపో."

వాచ్‌మన్ కదల్లేదు. "పదిమందిలో దొంగపని చేశానన్నారు సార్. చేయలేదని కూడా పదిమందిలోనే అనమనండి. అన్నాక లోపల పెట్టుకుంటాను."

అందరూ బావ వైపు చూశారు. అతను పెట్టె పిడిని లాగి, దింపి, మళ్ళీ లాగాడు. "సరే, నువ్వు చేయలేదు" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"మాకు వినపడలేదు సార్" అంది వాచ్‌మన్ భార్య, కూర్చున్నచోటి నుంచే.

"నువ్వు చేయలేదు!" అని అరిచినంత పని చేసి, బావ లిఫ్టు కోసం కూడా ఆగకుండా పెట్టె మోసుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

జనం పలచబడ్డారు. అక్క వాచ్‌మన్ భార్య దగ్గరికి వెళ్ళి వంగి గిన్నెల మూట ఎత్తబోయింది. ఆవిడ మూటను తనవైపు లాక్కుంది.

"ఇన్నాళ్ళూ పైనుంచి చూస్తూనే ఉన్నారు కదమ్మా" అంది. కోపంగా అనలేదు. అక్క చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. నీళ్ళక్క ఆమె భుజం పట్టుకుని ఇవతలికి తీసుకొచ్చింది.

కొన్నాళ్ళకు బావ ఒక్కడే కారు తీసుకుని షెడ్డుకు వచ్చాడు. పెయింటరు వెనక డోరు మొత్తం చెక్కి, పుట్టీ పెట్టి, కొత్తరంగు కొట్టి, పైన క్లియరు వేశాడు. అది ఆరి గట్టిపడ్డాక మీద నారింజతొక్కలా సన్నని గరుకు మిగిలింది. దాన్ని నున్నగా చేసే పని నీళ్ళక్కది. ఆమె రుద్దుతుంటే బావ మళ్ళీ వచ్చి, అక్క ఆ రోజు తిరిగినట్టే కారు చుట్టూ తిరిగాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"నేను నిజంగా అలా అన్నానా?" అన్నాడు ఉన్నట్టుండి.

"నన్నడిగితే ఎలా బావగారూ? ఫోను మాట్లాడింది మీరిద్దరూ."

"నాకు గుర్తు లేదు. నిజంగా లేదు. ఇంకా ఇలాంటివి ఎన్ని అన్నానో అనిపిస్తోంది. అడిగితే చెప్పదు. ఏమీ లేదంటుంది. ఆ ఏమీ లేదన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతోంది, అన్నం దిగడం లేదు."

"ఒకసారి అడిగి ఊరుకుంటే ఎవరు చెప్తారు?" అంది నీళ్ళక్క. పాలనీళ్ళు లాగి, డోరును వెలుతురుకు వంగి చూసి, ఇక చాలని పేపరు బకెట్టులో పడేసింది. అతను వంగి ఆ డోరు మీద చెయ్యి ఆనించి చూసి వెళ్ళిపోయాడు.

కారు తీసుకెళ్ళడానికి ఇద్దరూ బస్సులో వచ్చారు. మేస్త్రితో బావ మాట్లాడుతుంటే అక్క చెల్లెలి పక్కకొచ్చి నిలబడింది. మనిషి కాస్త చిక్కింది.

"వాచ్‌మన్ వాళ్ళు నిన్న వెళ్ళిపోయారే. వేరే చోట పని చూసుకున్నాడు. సామాను కారులో... అదే, కారు రాగానే దింపి వస్తాను, ఒక్కరోజు ఆగమన్నాను. ఆవిడ వద్దంది. ఆటో పిలుచుకున్నారు."

"మరి ఇంట్లో?"

"మాట్లాడుకుంటున్నాం. కొన్ని మాటలు బాగానే ఉంటాయి, కొన్ని మాటలకు ఇద్దరం లేచి చెరో గదిలోకి వెళ్ళిపోతాం. మళ్ళీ ఆయనే తలుపు కొడతారు. నిన్న నేను కొట్టాను."

బావ అలవాటుగా డ్రైవరు డోరు దగ్గరికి వెళ్ళి తెరవబోయి ఆగాడు. తాళంచెవి కారు పైకప్పు మీద పెట్టి, అటువైపు తిరిగి వెళ్ళి కూర్చున్నాడు. అక్క ఒక్క క్షణం ఆ తాళంచెవి వంక చూసి, తీసుకుని ఎక్కింది.

కారు షెడ్డులోంచి వెనక్కి వచ్చి రోడ్డెక్కింది. ఎదురుగా ఒక లారీ వస్తోంది. అక్క ఇంకా బ్రేకు తొక్కకముందే పక్కసీట్లో బావ కాలితో కారు నేలను గట్టిగా తొక్కి, రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకున్నాడు.

"ఏమండీ, ఆ పక్కన బ్రేకు లేదు" అంటున్న అక్క గొంతు షెడ్డు దాకా వినపడింది.

లారీ పోయింది, కారు కదిలింది. లోపలినుంచి మేస్త్రి కేకేస్తుంటే నీళ్ళక్క బకెట్టులో మురికినీళ్ళు పారబోసి, కుళాయి తిప్పింది.